పెదవులు చూసి వినేటోని కన్ను

నా చెవులను సాంచలు తిన్నయి, కుడి కన్నును నాడె తిన్నది. సూరత్‌కు వచ్చి బట్ట నేసే సాంచల నడుమ నిలబడుడు మొదలుపెట్టినప్పుడు నాకు మీసాలు సుత సరిగ్గ రాలే. ఆ చప్పుడుల ఏండ్లకేండ్లు ఉంటే చెవులు మిగలయి. ఒకరోజు పోగును అటు ఇటు తీసుకపోయే నాడె సాంచ నుంచి ఎగిరి వచ్చి కంట్ల తగిలింది. ఇగ మిగిలింది ఎడమ కన్ను ఒక్కటే. ముసలితనంల దానికీ పొర వచ్చింది. ఇక్కడోళ్లు మోతియా అంటరు.

అందరికీ వచ్చేదే, ఆపరేషనంటే సూదిమందంత పని, భయమెందుకన్నరు అందరు. వాళ్లకు ఇంకో కన్నున్నది, చెవులున్నయి. నేను మనుషుల మాట కంటితోనే ఇంట. కార్ఖానల పనిచేసినోళ్లకు ఈ విద్య వస్తది. అక్కడ ఎంత అరిచినా ఇనవడది కాబట్టి గొంతు లేకుంటనే పెదవులు కదిపి మాట్లాడుకుంటం. ఆ కొసకున్నోడు తిట్టినా తెలుస్తది. ఈ కన్ను గూడ పోతే, నా ఇంటిది పక్కన కూసుండి ఎంత మాట్లాడినా నేను గోడతోటి సమానం.

ఆపరేషన్‌కని దవాఖానకు పోయిన రోజు నేనే చెడగొట్టుకున్న. నా ఇంటిది మందుల దుకాణానికి పోయింది. నన్ను బల్ల మీద కూసోబెట్టి నర్సమ్మ ఏందో అడుగుతున్నది. మూతికి మాస్కు. గుడ్డ కదులుతున్నది గని గుడ్డ ఎనుక మాట కనవడుతదా? కార్ఖానల సేటు వచ్చి ఏమన్నా తలకాయ ఊపుడు మా అలవాటు. ఇనవడకపోయినా ఊపుతం, లేకుంటే ఇంకింత సేపు నిలబడి అరుస్తడు. అట్లనే ఊపిన. ఆమె మళ్ల అడిగింది, మళ్ల ఊపిన. ఆమె కండ్లు పెద్దగయినయి. పోయి డాక్టర్‌ను తోలుకొచ్చింది. ఆయనా మాస్కుల నుంచే అడిగిండు. ఆయనకూ ఊపిన.

నా ఇంటిది వచ్చేసరికి నన్ను బల్ల దింపిండ్రు. గుండె పరీక్షలు చేయించుకొని వచ్చే వారం రమ్మన్నరు. బయటికి వచ్చినంక ఆమె నా మొఖానికి ఎదురుంగ నిలబడ్డది.

“ఏందయ్యా, ఛాతిల నొప్పి లేస్తదా అంటే అవునంటివట. మెట్లెక్కితే దమ్మొస్తదా అంటే అవునంటివట.”

“ఇంకేమడిగిండ్రు?”

“కడుపుతోని ఉన్నవా అని అడగలే, నయమే.”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే. ఇంకో వారం భయపడాలె గదా అనుకున్న.

ఆ వారమంత నవాగామ్ బస్తీల మా అర్ర ముంగట కూసుండి చూసుడే పని పెట్టుకున్న. కన్ను పోతే దానితోటి ఏమేం పోతయో ముందే చూసి పెట్టుకోవాలె అనిపించింది. దూరపుదంత మసక. అందుకని ముక్కు ఆనించినంత దగ్గరికి పోయి చూసిన.

నా ఇంటిది చీరలకు చమ్కీలు అతికించే పని ఇంటికాడ్నే చేస్తది. కింద రాలిన ఒక చమ్కీని చీమ లాక్కపోతున్నది. జిగురు తియ్యగ ఉన్నదేమో. తనకంటే పెద్దగున్న బిళ్లను నిలువుగ లేపింది, అద్దం మోస్తున్నట్టు. గడప కాడ దానికి ఎండ తగిలి గోడ మీద ఒక వెలుగు చుక్క పడ్డది. చీమ నడుస్తుంటే ఆ చుక్క గోడ మీద నడిచింది. నా చేతుల మీదికెళ్లి ఎంత మెరుపు బట్ట పోయిందో లెక్కలేదు గని గింత ముచ్చటైన మెరుపు నేను చూడలే. చూసుకుంట చూసుకుంటనే మొఖం తిప్పుకున్న. ఇది గూడ పోతది గదా.

మంచిది ఏది కనవడ్డా అట్లనే అనిపించేది. జొన్నరొట్టె అంచు మీద ఆమె వేళ్ల గుర్తులుంటయని ఆ వారమే చూసిన. ఇన్నేండ్లు తిన్న, చూడలే. చూసినంక తినబుద్ధి కాలే.

అన్నిటికంటే ఆమె మూతిని చూస్తే భయమయ్యేది. ఆ మూతి మీద మాటలే చూసిన గని మూతిని చూడలే. మాట మొదలుపెట్టేటప్పుడు ఎడమ దిక్కు కొస ముందు కదులుతది. కోపమొస్తే కింది పెదవి లోపలికి పోతది. అక్షరాలు నేను ముసలితనంల నేర్చుకున్న, ఒక్కొక్కటి మీద వేలు పెట్టి. గట్లనే చూస్తున్న ఆమెను.

“ఏంది, గట్ల చూస్తున్నవు? పెండ్లి చూపులల్ల గూడ గిట్ల చూడకపోతివి.”

ఏం లేదన్న. నిజం చెప్తే ఆమె గూడ భయపడుతది.

ఆపరేషన్ రోజు ఆమె నర్సమ్మకు ముందే చెప్పింది, ఈయన దేనికైనా తలకాయ ఊపుతడు, ఏదున్నా నన్నే అడుగుండ్రి అని. నొప్పి తెల్వలే. అయినంక కంటికి గుడ్డ కట్టిండ్రు. ఇగ చీకటి. చప్పుడు ఎట్లాగూ లేదు. బాయిల వేసి మూత పెట్టినట్టయింది. ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తున్నరు. ఆమెనా, నర్సమ్మనా? పిలిచిన. నోట్లకెళ్లి మాట వచ్చిందో లేదో నాకే తెల్వలే. పట్టిన చేతిని తడిమి చూసిన. బొటనవేలు గోరు పక్కన జిగురు ఎండి గరుకుగ ఉన్నది. ఆమెనే. చిన్న జిగురు పొక్కులనే మనిషి మొత్తం ఉంటదని నాకు ఎరుక లేకుండె. ఆ గరుకును పొద్దుగూకేదాక వదలలే.

తెల్లారి గుడ్డ తీసిండ్రు. మొదలు తెల్లటి వెలుగు, నీళ్లు. డాక్టర్ వేళ్లు చూపెడుతున్నడు. నేను ఆమెను వెతికిన. కిటికీ కాడ నిలబడ్డది, మూతి కదులుతున్నది. ఒక్క మాట నాకు అందలే. మళ్ల చూసిన. పెదవులు కదులుతనే ఉన్నయి, ఏమంటున్నదో తెలుస్తలేదు. అయిపోయిందనుకున్న.

జరసేపటికి కంట్ల నీళ్లు కారిపోయినయి. అప్పుడు చూస్తే ఆమె అసలు ఏం మాట్లాడుతలేదు. ఏడుపు ఆపుకుంటున్నది.