పదకొండూ ఇరవైకి అమ్మ ఎక్కడుంది?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అమ్మ నాంపల్లిలో ఒక దవాఖానలో స్టాఫ్ నర్సు. మెదక్‌లో మిషన్ బడిలో చదువుకుని ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చిన మనిషి. ఆబిడ్స్‌లో ఒక బ్రోకరు దగ్గర కొద్దికొద్దిగా షేర్లు కొనేది. నేను అప్పుడు బీకాం చివరి ఏడాది.

ఒకరోజు పోస్టులో కాంట్రాక్ట్ నోట్ వచ్చింది. షేర్లు కొన్నా, అమ్మినా బ్రోకరు తప్పకుండా పంపాల్సిన కాగితం అది. చూస్తే అమ్మ షేర్లు సగం అమ్ముడుపోయి ఉన్నాయి.

"నేనెప్పుడు అమ్ముమన్న?" అంటూ అమ్మ నన్ను వెంటబెట్టుకుని బ్రోకరు ఆఫీసుకు వెళ్లింది.

ఆయన నవ్వాడు. "మీరే ఫోన్ చేసి చెప్పిన్రు కదమ్మా. డ్యూటీల పడి మర్చిపోయిన్రేమో."

మెట్లు దిగుతూ అమ్మ నా వైపు తిరిగింది. "నాకు మతిమరుపంట! విన్నవా?"

ఇంటికి రాగానే ఆ కాగితాన్ని అక్షరం అక్షరం చదివాను. ఆర్డరు ఏ నిమిషంలో వేశారో కాంట్రాక్ట్ నోట్ మీద అచ్చు వేయాలని నియమం. కాలేజీలో చదివిందే కానీ, ఎన్నడూ ఆ గడి వైపు చూడలేదు. ఉదయం పదకొండూ ఇరవై అని ఉంది.

"అమ్మా, ఆ రోజు పదకొండూ ఇరవైకి ఏడున్నవ్?"

అమ్మ తారీఖు చూసి ఒక్క ఉదుటున లేచింది. "థియేటర్ల! పొద్దుగాల తొమ్మిదికి లోపలికి పోతే ఒంటిగంటకు బయటికొచ్చిన. చేతులకు గ్లౌజులేసుకుని ఫోనెట్ల జేస్త బిడ్డా?"

మర్నాడే అమ్మ లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన వేళలున్న థియేటర్ రిజిస్టరు నకలు మీద దవాఖాన సూపరింటెండెంట్ సంతకం తీసుకున్నాం. స్టాక్ ఎక్స్ఛేంజికి ఫిర్యాదు రాశాం.

కొన్ని నెలలకు గన్‌ఫౌండ్రీలో ఒక మేడ మీది గదిలో విచారణ జరిగింది. తీర్పు చెప్పాల్సిన మధ్యవర్తి రిటైరైన జడ్జి.

"ఆర్డరు ఎప్పుడు వేశారు?" అని ఆయన బ్రోకరును అడిగాడు.

"మేడం ఫోన్ రాంగనే, అదే నిమిషంల ఏసినం సార్."

అమ్మ లేచి నిలబడి రిజిస్టరు నకలు ముందుపెట్టింది. జడ్జి ఒక వేలు దాని మీద, ఇంకో వేలు కాంట్రాక్ట్ నోట్ మీద ఉంచి, రెండింటినీ పోల్చి చూశాడు. తర్వాత బ్రోకరు వైపు చూశాడు. నాకేమో లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

అమ్మ షేర్లు అమ్మకు తిరిగి ఇవ్వాలని తీర్పు వచ్చింది. కవరు వాకిట్లోనే చింపి చదివి, అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

ఆ తర్వాత దవాఖానలో చాయ్ వేళ నర్సులంతా తమ కాగితాలు తెచ్చి అమ్మ చుట్టూ చేరేవారట. "గీడ టైం చూడున్రి ముందు," అని వాళ్లకు చూపించేదట అమ్మ.