పేష్కార్ సాబు చదివిన కుట్ర నవల

మొన్న మహబూబ్‌నగర్ బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉంటే, నా వెనక ఎవరో బస్సు బోర్డును కూడబలుక్కుంటున్న చప్పుడు వినిపించింది. "మ... క... కకు త ఒత్తు... మక్త... ల్." తిరిగి చూస్తే అరవై ఏళ్లామె. బోర్డు మీంచి చూపు తీయకుండా ఆ ఒక్క మాటనే రెండోసారి చదివి, నెగ్గినట్టు మూతి బిగించి బస్సెక్కింది. బస్సు కదిలిపోయినా నేను అటే చూస్తూ ఉండిపోయాను. ఒత్తు దగ్గర అలా ఆగి, ఊపిరి పీల్చుకుని, కాలవ దాటినట్టు దాటే చదువు నా జీవితంలో అంతకు ముందు ఒక్కరి నోటనే విన్నాను. ఆయన నా పై అధికారి విఠల్‌రావు గారు. అందరికీ పేష్కార్ సాబు. ఆ చదువుతోనే ఆయన ఒకసారి నా ఉద్యోగం ఊడగొట్టినంత పని చేశారు. నన్ను రచయితను చేసిందీ ఆ చదువే. ఎనభై దాటాక ఇది చెప్పుకోవడానికి నాకిక సిగ్గు లేదు.

పేష్కార్ అంటే ఇప్పటి వాళ్లకు తెలియదు. తహశీల్దారు ముందు ఫైళ్లు పెట్టి, చదివి వినిపించి, ఆయన చెప్పిన హుకుం రాసుకునే గుమాస్తాల పెద్ద. మక్తల్ వైపు ఒక తాలూకా కచేరీలో నేను గుమాస్తాగా చేరేనాటికి విఠల్‌రావు గారికి యాభై ఏళ్లు దాటాయి. నిజాం కాలం చదువు. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం ఉర్దూ. ఆయన ఉర్దూ రాత చూడ్డానికి పక్క తాలూకాల గుమాస్తాలు వచ్చేవారట. రాష్ట్రాలు కలిశాక కాగితాలు తెలుగులో రావడం మొదలైంది. ఆయన ఈడు వాళ్లు కొందరు పింఛను పుచ్చుకున్నారు, కొందరు కాగితం కింది వాడి మీదికి తోసి కిళ్లీ నములుతూ కూర్చున్నారు. ఈయన మాత్రం ఒకటో తరగతి వాచకం కొనుక్కొచ్చి, దాన్ని దాచకుండా ఫైళ్ల మధ్యనే పెట్టుకున్నారు. ఎవరైనా చూసి నవ్వితే, పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషను ఇప్పుడు కళ్లతో కూడా చూస్తున్నానని, అందులో నవ్వేదేముందని అడిగేవారు. అడిగిన తీరుకు నవ్విన వాడే తల దించుకునేవాడు.

నా సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మాది కోస్గి. బాపు మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. హైదరాబాదులో చదువుకునేటప్పుడు, హాస్టల్లో నేను 'గట్ల', 'గిట్ల' అన్నప్పుడల్లా పక్క గది కుర్రాళ్లు పడీ పడీ నవ్వేవారు. నాలుగేళ్లలో నా నోటిని తోమి తోమి తళతళలాడించుకున్నాను. కచేరీలో చేరాక చప్రాసిని "కాసిని మంచినీళ్లు ఇప్పించగలరా" అని అడిగితే, పాపం ఆ ముసలాయన నేనేదో తిట్టాననుకుని సగం రోజు నా వైపు రాలేదు. చేరిన వారంలోనే ఒకామె వాంగ్మూలం రాయమన్నారు. పొలం గట్టు తగాదా. ఆమె ఏడుస్తూ చెప్పిందాన్ని నేను "ప్రతివాది నా యెడల మిక్కిలి దౌర్జన్యముగా ప్రవర్తించియున్నాడు" అంటూ రెండు పేజీలు దంచాను. వేలిముద్ర వేయించే ముందు ఏ కాగితాన్నైనా ఆ మనిషికి చదివి వినిపించాల్సిందేనన్నది పేష్కార్ సాబు పట్టు. చదివాను. ఆమె అంతా విని, ఇది ఎవరి సంగతని అడిగింది. కచేరీ అంతా గొల్లుమంది. నవ్వనిది ఆయనొక్కరే. కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టారు.

"ఏలిముద్ర ఆమెది, మాట నీదా?" అన్నారు. "మళ్ల రాయి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పట్టభద్రుణ్ని, ఈయనకు ఒత్తులు పలకవు, నాకు తెలుగు నేర్పుతాడా అనుకున్నాను. మళ్లీ రాశాను కానీ పళ్లు నూరుతూ రాశాను.

ఆ మంటను ఎక్కడ చల్లార్చుకోవాలో తెలియక సెలవు రోజుల్లో ఒక నవల రాశాను. అప్పట్లో అపరాధ పరిశోధన నవలల పిచ్చి ఇంతా అంతా కాదు. నేను అందులోకి రాజకీయం దింపాను. ఊహించిన ఒక రాష్ట్రం, కట్టడం పూర్తయిన ఒక డ్యాము, దాన్ని ప్రారంభించడానికి వచ్చే ముఖ్యమంత్రిని అక్కడే చంపాలని కుట్ర పన్నే ఆరుగురు పెద్దమనుషులు. ఇంతకీ ముఖ్యమంత్రి ఇంటి రహస్యాలు ఆ ఆరుగురికీ చేరవేస్తున్న ఏడోవాడు ఎవరన్నది చివరి దాకా దాచాను. పేరు 'ఏడో కుర్చీ'. అచ్చు వేసిన వాళ్లు బెజవాడ వైపు వాళ్లు. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా పుస్తకం అచ్చు వేయించడం తప్పు, అందులోనూ మంత్రుల మీద. అందుకని 'కృపాణ్' అని మారుపేరు పెట్టుకున్నాను. కృపాణ్ అంటే కత్తి. నా కత్తి పదును చూసి లోకం వణికిపోతుందని నా నమ్మకం. ఇరవై మూడేళ్ల వాణ్ని మరి.

లోకం సంగతేమో కానీ మా తాలూకా మాత్రం ఊగిపోయింది. బస్సు కండక్టరొకడు ఒక ప్రతి తెచ్చాడు. అది చేతులు మారి మారి నడుం విరిగి రెండు ముక్కలైతే, మొదటి సగం చాయ్ హోటల్లో, రెండో సగం మంగలి దుకాణంలో చదివేవారు. రెండో సగం ముందు చదివిన వాళ్లు ఫలితం చెప్పేస్తామని మొదటి సగం వాళ్లను బెదిరించి చాయ్ తాగేవారు. బడి పంతుళ్లు ఆ ఆరుగురిలో ఎవరు ఏ నాయకుడో తేల్చడానికి కూర్చున్నారు. నా ఆరుగురిలో ఒకడికి ఎప్పుడూ ఏలకులు నమిలే అలవాటు పెట్టాను. దుర్మార్గుడికి ఏదో ఒక అలవాటు ఉండాలి కదా అని పెట్టానంతే. మా తాలూకాలో ఒక నాయకుడు ఏలకులు నములుతాడని నాకు నిజంగా తెలియదు. కథ చెవిన పడగానే ఆయన ఏలకులు మానేశాడు. మానేశాడు కనుక వాడే వీడని ఊరంతా ఖాయం చేసుకుంది. నేను చాయ్ హోటల్లో ఒక మూల కూర్చుని, ముఖం మామూలుగా పెట్టుకుని, లోపల పొంగిపోతూ అంతా వినేవాణ్ని.

ఆ పొంగు నెల రోజులే. ఆ నాయకుడి మనుషులు పైకి ఫిర్యాదు రాశారు. రచయిత ఇక్కడి వాడే, సర్కారు నౌకరీలో ఉన్నాడని అనుమానం, ఎవడో తేల్చండి అని. పై కచేరీ నుంచి విచారణ కాగితం వచ్చింది. తహశీల్దారు దాన్ని పేష్కార్ సాబుకు ఇచ్చారు. దొరికితే నా ఉద్యోగం పోతుంది. కోస్గిలో నలుగురు తమ్ముళ్లు, చెల్లెళ్లు నా జీతం మీద తింటున్నారు. ఆ మధ్యాహ్నం ఆయన నన్ను రికార్డు గదికి పిలిచారు. బల్ల మీద 'ఏడో కుర్చీ' ఉంది. దొరికిపోయాననుకున్నాను. ఆయన మాత్రం స్టూలు జరిపి, పుస్తకం చదవకుండా దాని మీద విచారణ రాయలేనని, నా తెలుగు బాగుంటుంది కనుక ఒత్తుల దగ్గర జర ఆదుకోవాలని అడిగారు.

అలా మూడు వారాలు, రోజూ భోజనాల తర్వాత, నన్ను పట్టుకోవలసిన మనిషి పక్కన కూర్చుని నా నవలను నేనే కూడబలికించాను. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు. ఆయన ప్రతి మాటనూ వేలు పెట్టి బయటికి చదివేవారు. నేను మురిసిపోతూ రాసిన 'హృత్కుహరాంతరాళము' దగ్గర మూడుసార్లు ఆగి, ఇంతకీ ఇది ఒంట్లో ఎక్కడ ఉంటుందని అడిగారు. నా కథానాయకుడు ప్రేయసితో మాట్లాడిన పేజీన్నర విని, ఈ పిల్లగాడు ఇంట్లో కూడా ఇట్లాగే మాట్లాడతాడా అన్నారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు. చెవులతో విన్నప్పుడు నా వాక్యాలు ఎంత బోలుగా మోగుతున్నాయో నాకే తెలిసిపోతోంది. ఒక్క చోట మాత్రం ఆయన వేలు ఆగేది కాదు. ముఖ్యమంత్రి ఇంట్లో పనిచేసే చప్రాసి జంగయ్య నోరు విప్పితే చాలు, ఒత్తులతో సహా గడగడా చదివేసేవారు. నవ్వేవారు. వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకునేవారు. రెండో వారంలో అయితే జంగయ్య మళ్లీ ఎప్పుడొస్తాడని నన్నే అడిగారు.

చివరి పేజీల్లో గుట్టు విప్పాను కదా. రహస్యాలు అమ్ముకున్నది, షర్బత్తులో విషం కలిపింది జంగయ్యే. ఆ వాక్యం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. అందులో ఆయనకు పలకని ఒత్తు ఒక్కటి కూడా లేదు. పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"గీ కితాబుల అందరు తప్పు లేకుంట మాట్లాడుతున్రు. గీ ఒక్కడే మనిషి లెక్క మాట్లాడిండు. గాడినే దగాకోరును జేసిండు," అన్నారు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "రాసినోడు మనోడే. గా మాట బయిటోనికి రాదు. తల్లి నోట్ల కెళ్లి ఇన్నోనికే వస్తది."

ఇక దాచడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి, "సాబ్, అది..." అన్నానో లేదో చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు జెప్తే నేను రాయాలె. అబద్ధం నేను రాయను. జెప్పకు," అన్నారు. పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగారు: "మీ అమ్మకు సదివి వినిపిచ్చినవా?"

పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఆదివారం కోస్గి వెళ్లాను. అమ్మ రాట్నం తిప్పుతుంటే ఎదురుగా కూర్చుని, ఇది నేను రాసిందేనని చెప్పి, పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా చదివాను. మంత్రులు, సి.ఐ.డి.లు మాట్లాడుతున్నంతసేపూ కొడుకు రాశాడన్న మర్యాద కొద్దీ తలూపింది. జంగయ్య వచ్చేసరికి రాట్నం ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన మాటలే అని గుర్తుపట్టిందో లేదో నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. అవి ఆమె బాపును సాధించే మాటలు, పక్కింటి వాళ్ల మేకను అదిలించే మాటలు. పుస్తకానికి కాస్త మోటు మనిషి కావలసి వచ్చి, నేను ఇంట్లోంచే ఎత్తుకెళ్లాను. చివర విషం సంగతి చదివాను. అమ్మకు కోపం రాలేదు. నా లెక్క ఎక్కడో తప్పిందన్నట్టు జాలిగా చూసింది.

"గాడు గట్ల జెయ్యడు బిడ్డా," అంది. "నువ్వే తప్పు రాసినవ్."

సోమవారం కచేరీకి వెళ్లేసరికి పేష్కార్ సాబు నివేదిక సిద్ధంగా ఉంది. తన జీవితంలో తెలుగులో సొంతంగా రాసిన మొదటి నివేదిక అది. ఒత్తులు దిద్ది శుభ్రమైన ప్రతి రాయమని నాకిచ్చారు. అమ్మకు వినిపించానని చెప్పాను. ఏమన్నదని అడిగారు. చెప్పాను. తలూపి, పని చూసుకోమన్నట్టు కాగితం వైపు చూపించారు. ఆ వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పుస్తకము మొదటి నుండి చివర వరకు నేనే చదివితిని. ఫిర్యాదుదారుల నాయకుడు ఇందులో ఎక్కడను కనబడలేదు. ఏలకులు తినువారు ఈ తాలూకాలో చాలామంది కలరు. రచయిత అసలు పేరు నాతో ఎవరును చెప్పలేదు. ఇంతవరకూ రాస్తూ వచ్చి, బతికిపోయానని ఊపిరి పీల్చుకున్నాను. కింద ఇంకో మూడు వాక్యాలున్నాయి. వాటిని రాయడానికి నా చెయ్యి రాలేదు. ఇది పై కచేరీకి అవసరమా సాబ్ అని అడిగితే, ఆయన తలెత్తకుండానే రాయమన్నారు. రాశాను.

ఆ కాగితం మీద తహశీల్దారు సంతకం పడింది, ఫైలు మూతపడింది. మరుసటి ఏడు నేను పద్ధతి ప్రకారం పుస్తకాలు రాసుకోవడానికి అనుమతి అడిగితే, అర్జీని పైకి పంపిందీ ఆయనే. 'ఏడో కుర్చీ'ని మళ్లీ అచ్చు వేస్తామని ఎందరడిగినా ఇవ్వలేదు. ఆయన పింఛను తీసుకున్నారు, కొన్నేళ్లకు పోయారు. ఉర్దూలో అంత అందంగా రాసిన ఆ చేత్తో, వంకర టింకర తెలుగు అక్షరాలతో నా మీద ఆయన పెట్టిన కేసు మాత్రం నాలో ఇంకా నడుస్తూనే ఉంది. ఏ కథలోనైనా ఒకణ్ని దోషిగా నిలబెట్టబోయే ముందు కలం ఆగుతుంది, ఆ మూడు వాక్యాలూ అడ్డం వస్తాయి.

ఈ పుస్తకములో మన జిల్లా మనిషి చప్రాసి జంగయ్య ఒక్కడే. అతనికి అన్యాయము జరిగినది. అతడు ఫిర్యాదు చేయలేదు.