నెమలికంఠం రంగు చీర కేసు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, శ్రావణమాసం. ధర్మవరంలో మా పట్టుచీరల కొట్టు అప్పటికింకా పాత పద్ధతిలోనే ఉండేది. నేలమీద తెల్లటి పరుపులు, చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో నేను చీర మీద చీర విప్పుతూ. ఇప్పుడు గాజు కౌంటర్లు వచ్చాయి. ఆ బేరాలూ, ఆ పరాచికాలూ తలచుకుంటే నాకిప్పటికీ బెంగగా ఉంటుంది.

ఆ సందడిలోనే ఒకామె నెమలికంఠం రంగు చీర కొంగు కింద దాచుకుని వెళ్లిపోయింది. ఆ నెలలో మా వీధిలో అది నాలుగో దొంగతనం. పోలీసులు వారంలో ఆమెను పట్టుకున్నారు, చీరా దొరికింది. మరుసటి రోజే ఆమె బెయిలు మీద బయటికొచ్చింది. నాకు ఒళ్లు మండింది. వర్తకులందరినీ పోగేసి, కొట్లు మూయించాను. కోర్టు ముందు "దొంగల్ని వదలొద్దు" అని అరిచిన గొంతుల్లో నాదే పెద్దది.

కోర్టు చీరను నాకు ఇంటెరిమ్ కస్టడీకి ఇచ్చింది. అంటే కేసు తేలేదాకా వస్తువు మన దగ్గరే ఉంటుంది గానీ అమ్మకూడదు, అడిగిన రోజున చూపించాలి. సంతకం పెట్టాను. అయితే పట్టు మడతలోనే ఉండిపోతే ఆ మడత దగ్గరే చీలుతుంది. నాకదో సాకు దొరికింది. మాఘమాసంలో కంబదూరు పెళ్లివారు ఆ చీర చూసి మరొకటి వద్దన్నారు. అమ్మేశాను. మా నేతగాడు నాగప్పన్న నేసిన అలాంటి చీరే ఇంకోటి కొట్లో ఉంది కదా, ఎవరు పోలుస్తారులే అనుకున్నాను.

పోల్చేవాడు ఆయనే. కేసులో రెండో సాక్షి. విచారణ రోజు ఏపీపీ మేడం, అంటే మా తరఫున వాదించే ప్రభుత్వ లాయరు, మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి చీర ఆయన చేతికిచ్చింది. ఆయన కొంగు తిప్పి వేళ్లతో తడిమాడు.

"నేను నేసిందే మేడం. గానీ పోయిన చీర ఇది గాదు. దాంట్లో కొంగుకాడ పోగు తెగితే ముడేసినా. దీంట్లో యాడా ముడి లేదు."

మేడం నా వైపు తిరిగింది. "అసలు చీర ఏదండీ?"

"అమ్మినా మేడం. అట్లాంటిదే గదా ఇది..."

"దొంగసాక్ష్యం నేను పెట్టను," అందామె.

చీర దొరికినప్పుడు పోలీసులు సంతకాలు పెట్టించుకున్న పంచనామా సాక్షులు అప్పటికే మాట మార్చారు. కొట్లో కెమెరాలో ఆ దొంగ వీపే పడింది. మిగిలిన ఆధారం చీర ఒక్కటే, అదీ లేదని మేడం జడ్జికి ఉన్నదున్నట్టు చెప్పింది. కేసు కొట్టేశారు.

లోపల ఏం జరిగిందో తెలియక బయట వర్తకులు మండిపడుతున్నారు. "ఈ మేడమే మెత్తగా వదిలేసినాది. పైవాళ్లకు రాసి ఈడనుంచి పంపిచ్చల్లప్పా!" అంటూ అర్జీ రాసి, మొదటి సంతకం నన్ను పెట్టమన్నారు. మేడం ఫైళ్లు పట్టుకుని మా పక్కనుంచే వెళ్లింది.

పెన్ను నా చేతిలో ఉంది. నాగప్పన్న దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఏమప్పా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "వదిలింది ఆమె గాదప్పా, నేను. ఆ చీర నేనే అమ్ముకున్నా," అన్నాను.

ఆ ఏడంతా వీధిలో నాతో సరిగా మాట్లాడినవాళ్లు తక్కువ. నాగప్పన్న మాత్రం ఎప్పటిలాగే వచ్చి టీ తాగిపోయేవాడు. ఇప్పుడాయన లేడు. కోర్టులు దొంగల్ని ఊరికే వదిలేస్తున్నాయని ఎవరైనా అంటే నేను కాదనను, చాలాసార్లు నిజమే. కానీ అరిచేముందు మన చేతులు చూసుకోవాలి. నాకది తెలిసొచ్చేలోపు, తన పని తాను సరిగ్గా చేసిన మనిషి బతుకు మీదికి నా సంతకం వెళ్లబోయింది.