సేటు పెట్టించిన చెయ్యి

మా చిన్నప్పుడు... మిర్యాలగూడ హమాలీల వాడలో, రేకుల కొట్టం కిటికీలకు గోనెసంచులు కట్టి, పట్టపగలే చీకటి చేసుకుని వీడియో సినిమా చూశాం. టీవీ, క్యాసెట్ అన్నీ కిరాయివే.

తెలుగు సినిమా అడిగితే కొట్టువాడు క్యాసెట్ పెట్టె మార్చి ఇంగ్లీషుది ఇచ్చాడు. కిరాయి ఎందుకు దండగ, ఇదే చూద్దామన్నారు ఆడవాళ్లు.

అందులో మాటలు మాకు తెలుగులో చెప్పే పని మా లింగయ్య చిన్నాయనది. కోదాడ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివినవాడు. రైస్ మిల్లులో మిషన్ నడిపేవాడు. ఆ పాత మిషన్‌ను లేపడం ఆయనకు తప్ప ఎవరికీ రాదు... ఆ మిషన్ బెల్టే ఆయన కుడిచేతిని మణికట్టు దాకా తీసుకుంది.

మిల్లు యజమాని సేటు ఆయన్ను పట్నం తీసుకుపోయి తోలు పట్టీలతో ఇనుప కొక్కెం పెట్టించాడు. మా నాయిన అదే మిల్లులో హమాలీ, బస్తాలెత్తే కొక్కెం ఆయనకూ ఉండేది.

"అన్నా, నీ కొక్కెం పనైనంక నడుముకు చెక్కుకుంటవ్. నాది గిట్లనే మొలిచింది, ఏడ చెక్కాలె?" అని చిన్నాయనే నవ్వేవాడు.

బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ కట్టించాలని, చిన్నాయనకు ఇంత దారి చూపించాలని హమాలీలు పని ఆపారు. మా నాయినే ముందు నిలబడ్డాడు. మిషన్ ముట్టనని చిన్నాయన అందరి ముందూ ఒట్టు పెట్టాడు. సేటు వేరే ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చినా, చిన్నాయన లేకుండా మిల్లు లేవదు కదా...

ఆ పనిలేని రోజుల్లోదే ఈ వీడియో.

సినిమాలో సగం మనిషి, సగం ఇనుము. గనిలో చావబోయిన కూలీని కంపెనీవాళ్లు బతికించి, ఇనుప చెయ్యి పెట్టి, తలలోకి తీగలు దించారు. వాడి పేరే వాడికి సరిగ్గా గుర్తులేదు. చివర్లో గేటు అవతల వాడి పాత దోస్తులు నిలబడ్డారు. కాల్చమని యజమాని హుకుం ఇచ్చాడు. ఇనుప చెయ్యి లేచింది...

కరెంటు పోయింది.

"ఓరి లింగా, కాలుస్తడా లేదా? జర చెప్పు, నా పానం ఆగుతలేదు" అంది పక్కింటి ఎల్లమ్మవ్వ.

"నేను సూర్యాపేటల సూసిన అవ్వా. కాల్చడు. ఆ చెయ్యి వాడే పీకి సేటు ముందట పారేస్తడు."

"పెట్టిచ్చింది సేటేనాయె?"

"చెయ్యి సేటుదైతే ఏంది? మనసు వానిది గాదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆయన కొక్కెం పట్టుకుని ఇంటిదాకా నడిచాను... చల్లగా ఉంది.

తెల్లారి మిల్లు మోగింది.

నాయిన గేటు దాకా ఉరికాడు. వెనక నేను. లోపల మిషన్ దగ్గర చిన్నాయన.

"లింగా! నీ చేతి కోసమే గదరా మేం బయట నిలవడ్డది!"

చిన్నాయన తలెత్తలేదు. "ఏం జెయ్యమంటవే అన్నా... ఈ చెయ్యి సేటుది."

ఒక్కొక్కరే హమాలీలు లోపలికి పోయారు. నాయినను మాత్రం రానివ్వలేదు. బస్తాలు మోసుకోవడానికి సూర్యాపేట చేరాం. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. నాయిన పోయిననాడు చిన్నాయన వచ్చి, వాకిట్లోనే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఒక సినిమా పెట్టింది, తెలుగు మాటలతో. అదే గని, అదే గేటు... కరెంటు పోయిన చోటు దాటి మొదటిసారి చూశాను.

కాలుస్తాడు. ఏదీ పీకి పారెయ్యడు. కాల్చి, పోయి యజమాని పక్కన నిలబడతాడు.

అంటే చిన్నాయనకు తెలుసు... చప్పట్లు కొట్టించుకున్నప్పుడే తెలుసు.

ఇప్పుడు నా మోకాలిలోనూ ఇనుముంది, దవాఖానలో పెట్టారు. ఎటు నడవాలో అది నాకు ఏనాడూ చెప్పలేదు.

ఇప్పటి పిల్లలకు ఏ సినిమా చివరైనా ఫోన్లో దొరుకుతుంది. మాకు ఒక మనిషి చెప్పిందే చివర... నమ్మాం.

మీకూ అట్లా సినిమా చెప్పినవాళ్లు ఉండేవారా? వాళ్లు చెప్పిన చివర నిజమేనా... ఎప్పుడైనా చూసుకున్నారా?