మంచులో మేకగంట

రెడ్డెమ్మ పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు, ఆటో ఆగనందుకు. ఐదేళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఆమె నిమ్మనపల్లె రోడ్డులో తన ఊరి మలుపు దగ్గర నిలబడి ఉంటే, మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయే షేర్ ఆటో ఆమెను చూసి కూడా చూడనట్టు పోయింది. ఆటోవాడి తప్పేమీ లేదు. అందులో అప్పటికే పద్నాలుగు మంది ఉన్నారు, పదిహేనో మనిషి ఎక్కితే డ్రైవరే దిగి నడవాలి. రెడ్డెమ్మ కుచ్చిళ్లు ఎగదోపింది. చీర మీద వేసుకున్న మొగుడి పొడుగు చేతుల చొక్కాకు గుండీలు పెట్టుకుంది. చెప్పులు చేతపట్టుకుని ఆటో వెనకాల పడింది. ఏడు కిలోమీటర్లు. మార్కెట్టు గేటు దగ్గర ఆటోలోంచి చివరి మనిషి దిగేలోపు ఆమె చేరుకుందని చూసినవాళ్లు చెబుతారు. చూడనివాళ్లయితే ఆమె ఆటో కంటే ముందే వచ్చి, టీ తాగి, గ్లాసు కూడా కడిగిచ్చిందని చెబుతారు.

మర్నాడు ఆటోలో చోటున్నా ఆమె ఎక్కలేదు. పదేళ్లుగా ఆటోలోంచి ఆమెకు కనబడింది ముందు కూర్చున్నవాళ్ల జడలు, కొప్పులే. కాళ్ల మీద వస్తే దారంతా కనబడింది. ఎవరి తోటలో కొత్త నారు పడింది, ఎవరి మేక ఈనింది, ఎవరి మొగుడు ఎవరి అరుగు మీద నిద్రపోయాడు, అన్నీ తెలిసిపోయేవి. ఆమె మార్కెట్టుకు చేరేసరికి ఒక పేపరుకు సరిపడా వార్తలుండేవి, అందులో సగం నిజాలు కూడా.

చిక్కంతా అక్కడే వచ్చింది. రెడ్డెమ్మకు ఏదైనా కొత్తది కనబడితే కాళ్లు నిలబడిపోతాయి. పుంగనూరులో పుట్టింట ఉన్నప్పుడు కుట్టుమిషను నేర్చుకోబోయి, లోపల దారం ఎట్లా తిరుగుతుందో తెలిసిపోయాక మానేసింది. సైకిలు నేర్చుకోబోయి, చెయిను విప్పి చూసి, మళ్లీ ఎక్కలేదు. పదో తరగతి పరీక్షల్లో మూడు రాసి, నాలుగోరోజు ఊళ్లోకి బోరు లారీ వస్తే నీళ్లు పడతాయో లేదో చూడ్డానికి ఆగిపోయింది. నీళ్లు పడ్డాయి. పరీక్ష పోయింది.

మార్కెట్టులో ఆమె పనిచేసేది గంగులమ్మ గుంపులో. పదకొండు మంది ఆడవాళ్లు. గంగులమ్మ వాళ్లకు పెద్ద, అరవై దాటిన మనిషి, నిలువు నాలుగడుగుల పైన ఏమంత లేదు. ఆమె గొంతు మాత్రం షెడ్డులో లేస్తే హార్సిలీ కొండ మీద కోతులు ఉలిక్కిపడతాయి. వీళ్ల పని టమాటాలు ఏరడం. రైతు తెచ్చిన బాక్సును కుమ్మరించి, పగిలినవి, పుచ్చులు పక్కకు తీసేస్తారు. తీశాక బాక్సు తక్కువ పడుతుంది. ఆ తక్కువను వాళ్లు కొరవ అంటారు. కొరవ పడిన బాక్సును అట్లాగే పంపితే గంగులమ్మ ఊరుకోదు, పక్క కుప్పలోంచి తీసి నింపాల్సిందే. దానికి ఒకటే షరతు, నింపే కాయ కింది కాయ రకమే కావాలి. కింద బంగారం లాంటి కాయ పెట్టి పైన గోలీలంత కాయలు పోసిన బాక్సును గంగులమ్మ ముఖం మీదే బోర్లిస్తుంది.

శ్రుతి పరిచయమైంది ఆ రోడ్డు మీదే. కుప్పం పిల్ల, మదనపల్లెలో బ్యాంకు ఉద్యోగం, పొద్దున్నే చేతికి వాచీ కట్టుకుని పరుగెత్తే అలవాటు. ఒకరోజు తన పక్కనుంచి చీరా చొక్కా వేసుకున్న ఒకావిడ ఒట్టి కాళ్లతో దూసుకుపోతే, ఎవరినో తరుముతోందనుకుని తోడు పోయింది. మార్కెట్టు దాకా పోయాక తెలిసింది, ఆవిడ పనికి పోతోందని. వారంలో శ్రుతి తన రెండో జత బూట్లు తెచ్చిచ్చింది. ఆకుపచ్చ బూట్లు, నారింజ లేసులు. కళ్లాపి చల్లేవాళ్లు ముగ్గులు ఆపి చూసేవాళ్లు.

ఆ శ్రుతే ఈ ఏడాది కబురు తెచ్చింది. హిమాచల్‌లో ఒక కొండ ఊళ్లో అక్టోబరు మొదట్లో పన్నెండు కిలోమీటర్ల పరుగు. ఆరు పైకి, ఆరు కిందికి. కష్టం చేసుకు బతికే పల్లె ఆడవాళ్లు కొందరికి రానుపోను ఖర్చులు నిర్వాహకులే పెట్టుకుంటారట. రెడ్డెమ్మ పేరు శ్రుతి ఇచ్చింది, వాళ్లు తీసుకున్నారు.

పదిరోజుల సెలవు అడగడానికి రెడ్డెమ్మ గంగులమ్మ ముందు నిలబడింది. గంగులమ్మకు ఈ పరుగంటే ముందునుంచీ గిట్టదు. ఆ నెలలోనే రెడ్డెమ్మ రెండుసార్లు ఆలస్యంగా వచ్చింది, ఒకసారి దూడ పుట్టడం చూస్తూ, ఒకసారి తేనెపట్టు దించడం చూస్తూ.

"పోయిరామ్మే, యెవురొద్దన్నారు," అంది గంగులమ్మ, చేతిలో కాయను తిప్పి చూస్తూ. "కానీ మొత్తం పరిగెత్తినాకనే రావాల. నీకు మొదులుపెట్టేది తెలుసు, ముగించేది తెల్దు. మద్దెలో యేదో సూస్తా నిలబడిపోయినావంటే, ఆ బూట్లు తెచ్చి నాకిచ్చేసి, మరుసురోజు నుంచీ అందరి మాదిరి ఆటోలో రా."

"బూట్లు నీకు యాలక్కా, నీ కాలు వాటిల్లో మూల్లో పడుంటాది."

"పుదీనా నాటుకుంటా."

గుంపంతా నవ్వింది. రెడ్డెమ్మ కూడా నవ్వింది గానీ, ఆ రాత్రి బూట్లను గడప లోపల పెట్టుకుంది.

కబురు బస్సెక్కి బయల్దేరింది. మదనపల్లెలో ఆమె పరుగుపందేనికి పోతోంది. పుంగనూరు చేరేసరికి హిమాలయం ఎక్కి స్వాముల్లో కలిసిపోతోంది. వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి మిలిటరీలో చేరి, సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది. శ్రుతి వాళ్లమ్మ ఫోను చేసి, ఆవిడతో తిరగొద్దని కూతురికి గట్టిగా చెప్పింది.

కొండ ఊరు చేరిన సాయంత్రం నిర్వాహకులు అందరినీ కూర్చోబెట్టి ఏదో చెప్పారు. శ్రుతి దాన్ని తెలుగులో ఒక్క మాటకు కుదించింది, రేపు మంచు పడొచ్చట. దీపావళి లోపు ఎప్పుడూ పడదనీ, ఈసారి మబ్బు చూస్తే అనుమానంగా ఉందనీ అక్కడివాళ్లే వింత పడుతున్నారట.

రెడ్డెమ్మకు అందులో వింతేమీ కనబడలేదు. మంచు మా ఊళ్లో పడదా ఏమిటి అంది. కార్తీకం వస్తే హార్సిలీ కొండ మీద పక్కనున్న మనిషిని తడుముకుని పట్టుకోవాలి. అట్లాంటి పొద్దుల్లో మేకలు తప్పిపోకుండా మెడకు గంట కడతారు. ఆమె అన్నీ ఆలోచించే వచ్చింది. సంచిలోంచి ఇత్తడి మేకగంట తీసి, నాడాతో నడుముకు కట్టుకుని చూపించింది. మంచులో ఒకరికొకరు కనబడకపోయినా, గంట వింటూ శ్రుతి వెంట రావచ్చు. శ్రుతి ఆ మంచు వేరు, ఈ మంచు వేరని చెప్పబోయింది గానీ, మంచుకు మంచే తప్ప ఇంకో మాట ఆమెకు తోచలేదు.

తెల్లవారి పరుగు మొదలై రెండు కిలోమీటర్లు పోయారో లేదో, ఆకాశంలో ఎవరో పిండిమర తిప్పినట్టు తెల్లటి పొట్టు రాలడం మొదలైంది. మొదట మొక్కజొన్న రవ్వంత, తర్వాత బూరుగు దూదంత. కాసేపటికి ఒక్కొక్క తునక చపాతీ అంత ఉండిందని రెడ్డెమ్మ తర్వాత చెప్పింది, చపాతీ చిన్నదేననుకోండి. రోడ్డు పోయింది. చెట్లు పోయాయి. వందమంది పరుగెత్తుతున్నా అడుగుల చప్పుడు పోయింది. వడగండ్లు పడితే రేకుల షెడ్డు మోత మోగిపోయే ఊరి మనిషికి, ఆకాశం ఇంత పడిపోతూ ఒక్క చప్పుడైనా చేయకపోవడం నమ్మశక్యం కాలేదు.

ముందు పోతున్న శ్రుతికి వెనక గంట వినబడటం ఆగిపోయింది. నాలుగడుగులు వెనక్కి వస్తే, రెడ్డెమ్మ రోడ్డు మధ్యన నాలుక చాపి నిలబడి ఉంది. చొక్కా జేబు నిండా మంచు కుక్కుకుంది.

"అక్కా, ఏం చేస్తాండావు?"

"ఉప్పో తీపో సూస్తాండా. రెండూ కాదు. గంగులమ్మకు పిడికెడు తీసకపోదామని."

"ఆయమ్మ నీతో ఏం చెప్పింది? నిలబడిపోతే బూట్లు పుదీనాకే."

రెడ్డెమ్మ నాలుక లోపలికి పోయింది. గంట మళ్లీ మోగింది.

అక్కడినుంచి పడడం మొదలైంది. శ్రుతి మూడుసార్లు జారింది. ఖరీదైన బూట్లు వేసుకున్న పట్నాలవాళ్లు కుప్పలు కుప్పలుగా కూలారు. రెడ్డెమ్మ మాత్రం పడలేదు. కాళ్ల కింద ఉన్నది ఆమెకు కొత్తే గానీ, జారడం కొత్త కాదు. వర్షాకాలం మార్కెట్టు నేల చూసినవాళ్లకు తెలుస్తుంది. నలిగిన టమాటా, బురద కలిసి చీలమండ దాకా ఉంటాయి, నెత్తిన పాతిక కిలోల బాక్సు ఉంటుంది. ఆ నేల మీద పదిహేనేళ్లు పడకుండా తిరిగిన మనిషి ఆమె.

"మడిమ ముందర ఎయ్యద్దు పాపా," అంది శ్రుతిని లేపి. "పాదమంతా ఒక్కసారి దించు. అడుగు పొట్టిగా. నెత్తిన బాక్సుండాదనుకో, వంగినావంటే కాయలన్నీ పోతాయి."

శ్రుతి నెత్తిన లేని బాక్సు పెట్టుకుని పరుగెత్తింది. మళ్లీ జారలేదు.

నాలుగో కిలోమీటరు దగ్గర ఎర్రజెండా అడ్డం వచ్చింది. పైన దారి మూసుకుపోయిందట, పరుగు రద్దట, అందరూ జీపులెక్కి కిందికి పోవాలట. చాలామంది సంతోషంగా ఎక్కారు. రెడ్డెమ్మ జీపు వంక చూసింది. మళ్లీ ఆటోనే ఎదురొచ్చినట్టుంది ఆమెకు. దిగేటప్పుడు పరుగెత్తడానికి ఏమైనా అడ్డమా అని శ్రుతి చేత హిందీలో అడిగించింది. జెండా మనిషి ఆమె కాళ్లను, గంటను, చొక్కాను చూసి, జీపుకు ముందరే ఉండమన్నాడు. ఆ నాలుగు కిలోమీటర్లూ శ్రుతి, ఆమె పక్కపక్కన దిగారు. ఈసారి బండి ఆమె వెనకాల వచ్చింది.

కింద బడి మైదానంలో, పరుగు ముగిసేచోట గాలి నింపి నిలబెట్టిన గేటు అప్పటికే సగం కూలి పడుకుని ఉంది. దానిపక్కన మెడల్స్ పంచుతున్నారు. పరుగెత్తినవాళ్లకూ ఇచ్చారు, జీపులో వచ్చినవాళ్లకూ ఇచ్చారు. రెడ్డెమ్మ తన మెడల్‌ను చేతిలో తిప్పి చూసింది. దీన్ని మెడలో వేసుకుని పోతే గంగులమ్మకు ఏమీ తెలియదు. కానీ ఇది కొరవ బాక్సు. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఇంకా నాలుగు తక్కువ.

"ఈ గ్రౌండు ఒక సుట్టు యెంతమ్మా?"

శ్రుతి వాచీ పెట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చి, రెండువందల యాభై మీటర్లంది. పదహారు చుట్లు.

రెడ్డెమ్మ మెడల్‌ను శ్రుతికిచ్చి బయల్దేరింది. పొగలు కక్కే టీ చేతుల్లో పట్టుకుని జనం చూశారు. పక్క వాలు మీద అక్కడి పిల్లలు యూరియా సంచుల మీద కూర్చుని మంచులో సర్రున జారుతున్నారు. ఆమె పుట్టాక చూసినవాటిలో అంత చూడదగ్గది ఇంకోటి లేదు. ఆ సంచి ఎట్లా ఆగుతుంది, ముందు రాయి ఉంటే ఎట్లా తిప్పుతారు, ఎన్నో అనుమానాలు. మెడ అటు తిరిగిపోయింది గానీ, కాళ్లు మాత్రం ఇటే పోయాయి. ఏడో చుట్టులో గంటలోకి మంచు దూరి దాని నాలుక పట్టేసింది. విదిలించి మోగించుకుంది. పదో చుట్టుకు ఒక కొండ కుక్క ఆమె వెంట పడింది. పన్నెండో చుట్టుకు శ్రుతి, ఇంకో ఇద్దరు కలిశారు. పదహారో చుట్టు అయ్యేసరికి తెల్లటి మైదానంలో ఒక నల్లటి బండిబాట పడి ఉంది. అప్పుడు పోయి యూరియా సంచి అడిగింది.

తిరిగి వచ్చిన మర్నాడు మార్కెట్టుకు ఏడు కిలోమీటర్లూ పరుగెత్తే వచ్చింది, ఎందుకైనా మంచిదని. గంగులమ్మ పక్కన నీళ్లు చల్లిన కవరులో పుదీనా కాడలు సిద్ధంగా ఉన్నాయి. మెడల్ చేయి నుంచి చేయికి తిరిగింది. గంగులమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"పన్నెండూ పరిగెత్తినావా?"

"నాలుగుకే ఆపేసినారక్కా."

"అయితే ఇప్పు బూట్లు."

"ఇను. నాలుగు పోయినాం, నాలుగు వచ్చినాం. నాలుగు కొరవ పడింది. కింద ఇస్కూలు గ్రౌండులో పదారు సుట్లు తిరిగి నింపేసినా."

షెడ్డులో చేతులన్నీ ఆగాయి. కొరవ అన్న మాట వచ్చాక అది గంగులమ్మ కచేరీ, తీర్పు ఆమెదే. ఆమె చేతిలో కాయను పక్కన పెట్టి, తీరిగ్గా అడిగింది.

"కొండ మీద పరుగుకు గ్రౌండు పరుగు పోసి నింపినావా? అదీ ఇదీ ఒక రకం కాయేనా?"

రెడ్డెమ్మ కుప్పలోంచి రెండు కాయలు తీసి పక్కపక్కన పెట్టింది.

"కొండంటే కొండ కాదులే అక్కా. కానీ ఆడా మంచే, ఈడా మంచే. రెండు తావులా మోకాటి కింది దాకా."

"మంచంటే మన మంచేనా?"

"కాదు. అది జేబులో పెట్టుకుంటే నిలబడేది. కాసేపు." చొక్కా జేబు చూపించింది. అక్కడ నీళ్ల మరక కూడా లేదు.

గంగులమ్మ జేబులోకి వేలు పెట్టి చూసింది. తర్వాత వంగి ముక్కు పెట్టి వాసన చూసింది.

"యేం వాసనొస్తాదే అది?"

"యేమీ రాదు. టమాటాలు, మనుషులు, లారీలు, యేమీ లేకుంటే మన మార్కెట్టు యెట్లుంటాదో అట్ల."

గంగులమ్మ ఆ మార్కెట్టును ఊహించుకోబోయింది. ఊహకు అందినట్టు లేదు. ఒక టమాటా తీసి, నొక్కి చూసి, బాక్సులో వేసింది.

"నిండు బాక్సే," అంది. "ఆ పుదీనా వాడిపోతాంది, యాడన్నా నాటండి."

షెడ్డు చివర అడుగు పగిలిన ప్లాస్టిక్ బాక్సు ఒకటి ఉంటే, అందులో మట్టి పోసి నాటారు. మట్టి అంచు దాకా రాలేదు. గంగులమ్మ చూసి, కొరవ నింపమంది.