సదానందం చూపిన ఎర్రకార్డు

సదానందం వారమంతా వేములవాడలో మరమగ్గాలు నడిపి, ఆదివారాలు కబడ్డీ పోటీలకు అంపైర్‌గా వెళ్తాడు. ఇరవై ఏళ్ల కిందట ఆటలో ఎవడో ఆయన ఎడమ మోకాలును రెండు కాళ్ల మధ్య కత్తెరలా ఇరికించి తిప్పేశాడు. అప్పటి నుంచి కుంటుతాడు. ఆ పట్టు ఎవరు పట్టినా ఊరుకోడు.

పోయిన వారం ఒక ఊళ్లో వెంకటేశ్ అనే ఆటగాడు అదే పట్టు పడితే ఎర్రకార్డు చూపి, ఏడాదిపాటు ఆడించొద్దని ఆ ఊరి కమిటీకి రాసిచ్చాడు. ఈ ఆదివారం హుస్నాబాద్ దగ్గరి ఊళ్లో వెంకటేశ్ వేరే జట్టు బనీనులో ఎదురయ్యాడు.

"వీన్ని ఆడనియ్యొద్దు," అన్నాడు సదానందం.

"గది గా ఊరి కాయిదమే అన్నా, మా ఊర్ల నడువది. జర విజిల్ ఊదు, జనం చూస్తుండ్రు," అని నవ్వాడు కమిటీ పెద్ద అంతయ్య.

సదానందం ఆటంతా వెంకటేశ్ దగ్గరే తిరిగాడు. అవతలి జట్టు నుంచి రాకేశ్ కూతకు వచ్చాడు. ఇరవై రోజుల్లో అతనికి కానిస్టేబుల్ పరుగు పరీక్ష ఉంది. అతను గీత వైపు మళ్లగానే వెంకటేశ్ కాళ్లు కత్తెరలా పడ్డాయి. విజిల్ మోగేసరికే మోకాలు తిరిగిపోయింది.

సదానందం మళ్లీ ఎర్రకార్డు ఎత్తాడు.

"ఎన్నిసార్లు సూపుతవ్ అన్నా? వచ్చే వారం ఇంకో ఊరున్నది," అంటూ వెంకటేశ్ బయటికి నడిచాడు.

రాకేశ్‌ను ఆటోలో పడుకోబెట్టారు. అతను సదానందం చెయ్యి వదలలేదు. "అన్నా, నీకు గిట్లనే అయిందట గదా. పరుగు దాక నాది మంచిగైతదా?"

సదానందం రెండో చేత్తో అతని మోకాలి కింద తువ్వాలు సర్దాడు.

"పాయింట్ మీకే ఇచ్చిన తమ్మీ," అన్నాడు.