బాలింత గది పొయ్యి

డెబ్బై ఒకటి డిసెంబర్ మొదటి వారంలో ఖరగ్‌పూర్‌లో దిగాం. ఎనిమిది మందిమి. ఉదయం ఆరున్నర. మంచు పట్టాల మీదికి దిగి ఉంది. ఇంజను కూత వినపడుతోంది, ఇంజను కనపడటం లేదు. మనిషికి ఒక రైఫిల్, యాభై తూటాలు, రెండు కంబళ్లు, ఒక నీళ్ల సీసా. యార్డుకు తూర్పు చివర నీళ్ల ట్యాంకు, దాని కింద ఖాళీగా పడున్న గోడౌను. ట్యాంకును, పక్కనున్న, పట్టాలు మార్చే పాయింట్ల క్యాబిన్‌ను కాపలా కాయడం మొదటి ఉత్తర్వు. పొద్దు గుంకింది మొదలు తెల్లవారేదాకా చుట్టుపక్కల ఒక్క వెలుగు కూడా పైకి కనపడకూడదన్నది రెండోది.

మా ఊళ్లో కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతారు, యుద్ధంలో ఎంతమందిని చంపావని. ఒక్క తూటా పేల్చలేదని చెబుతాను. అది నిజమే. కానీ అంతటితో ఆపేస్తాను. మిగతాది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

గోడౌనుకు నలభై గజాల దూరంలో రైల్వే క్వార్టర్లు. సగానికి పైగా మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. అక్కడ ఒక అలవాటు ఉంది. బొగ్గుల పొయ్యిని వీధిలో వెలిగిస్తారు. పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాక తీగ పిడి పట్టుకుని లోపలికి తెచ్చుకుంటారు. పొగ పోయిందంటే భయం పోయిందని వాళ్ల లెక్క. చీకటి ఉత్తర్వు వచ్చాక సాయంత్రం నాలుగింటికే వీధంతా వంట ముగించుకుని, తలుపుల సందులకు నల్ల కాగితం అంటించుకుని కూర్చునేది.

మొదటి ఇల్లు పాయింట్స్‌మన్ సింహాద్రిది. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు వరకు అతని డ్యూటీ. ఇంట్లో తల్లి నరసమ్మ, భార్య పైడమ్మ. పైడమ్మ ఆడపిల్లను కని రెండు రోజులయింది. కిటికీల తనిఖీకి వెళ్లినప్పుడు నరసమ్మ నా యాస పట్టేసింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"టెక్కలి దగ్గర."

"ఓలమ్మా, మనోడే! ఒలే పైడీ, మిలట్రీ బాబు మనోడేనే!"

లోపలి నుంచి పైడమ్మ గొంతు. "అయితే నా సెవులకి కట్టిన గుడ్డ ఇప్పీమని సెప్పమను అత్తా. నాకేటీ ఇనపడ్డం లేదు."

"ఇనపడకుండానే జవాబు ఎలాగ సెప్పినావే?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే గదిలోకి చూశాను. బాలింత మంచం కింద కుంపటి. కిటికీకి నల్ల కాగితం, తలుపు సందులో పాత చీర. గాలి వచ్చే దారి లేదు.

అంతకు ముందు రెండేళ్లు నేను కొండల మీద మంచు పోస్టులో ఉన్నాను. అక్కడ బంకర్లలో కట్టె పొయ్యిలు బిగించడం, గొట్టాలు శుభ్రం చేయడం నా పని. మూసిన బంకర్లో నిప్పుల పక్కన పడుకుని లేవని మనుషుల్ని మోశాను. నిప్పులకు పొగ లేకపోయినా విషం ఉంటుంది. దానికి వాసన ఉండదు. నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

నరసమ్మకు అదంతా చెప్పాను.

"నలుగురిని కన్నాను బాబూ, కుంపటి పక్కనే. ఏటయినాది నాకు?"

"నువ్వు కన్నది గాలి ఆడే ఇంట్లో అమ్మా. ఇక్కడ అన్ని సందులూ మూసేశారు."

"సలిగాలి తగిల్తే బాలింతకి సన్ని కొడతాది."

ఆమె మాట తీసెయ్యలేను. ఊరికే వదిలెయ్యలేను. నేనే పొయ్యి కట్టి ఇస్తానన్నాను. అందులో సాయం ఎంతో, నా పనితనం చూపించుకోవాలన్న సరదా కూడా అంతే.

గోల్‌బజార్‌లో రేకుల పని చేసే బెంగాలీ దాదా దగ్గర ఆరంగుళాల గొట్టం, ఒక మలుపు కొన్నాను. యార్డులో పడేసిన నూనె డ్రమ్ము సగానికి కోశాను. కింద రెండు వరసల ఇటుకలు, వాటి మీద ఇసుక. గోడకూ డ్రమ్ముకూ మధ్య మూర ఎడం. గోడకు రేకు అడ్డం. గొట్టం కిటికీ పై అద్దం స్థానంలో రేకు బిగించి బయటికి తీశాను, కప్పు దాటి మూడడుగులు పైకి లేపాను. రవ్వలు ఎగరకుండా చివర జల్లెడ, పైన టోపీ. గొట్టంలో మంట తగ్గించడానికి తిప్పే రేకు ఒకటి, గాలి కోసం కింద చిన్న తలుపు ఒకటి. ఒకటిన్నర రోజు పట్టింది.

నరసమ్మను కూర్చోబెట్టి చెప్పాను. ఎండు కట్టెలే వేయాలి. బూడిద రోజూ తీయాలి. వారానికోసారి గొట్టం విప్పి మసి దులపాలి. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచే ఉండాలి. నిప్పు ఉన్నంతసేపూ గొట్టం మూయకూడదు. ఆఖరిది మూడుసార్లు చెప్పాను. ఆమె మూడుసార్లూ తిరిగి చెప్పింది.

"బడికి పంపినట్టుంది అత్తని," అంది పైడమ్మ మంచం మీద నుంచి.

"నీకు పరీచ్చ పెడతాను ఉండు," అంది నరసమ్మ.

నాలుగు రోజులు పొయ్యి బాగా నడిచింది. నేను రోజూ ఒకసారి చూసి వచ్చేవాణ్ని. గది వెచ్చగా ఉండేది. పసిపిల్ల నిద్రపోయేది. పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చి చూసి, మాకూ కట్టి పెట్టమన్నారు. నాకు గర్వంగా ఉండేది.

నేను అడగనిది ఒకటే, కట్టెలు ఎక్కడివని. ఆ ఇళ్లలో ఎవరూ కట్టెలు కొనరు. పట్టాల కింద నుంచి తీసేసిన పాత స్లీపర్ చెక్కలు ఇంటింటికీ వస్తాయి. వాటికి చెద పట్టకుండా తారునూనె పట్టించి ఉంటుంది. వీధిలో కాల్చితే నల్లటి పొగ వచ్చి పోతుంది. గొట్టంలో కాల్చితే ఆ తారు లోపలంతా పేరుకుంటుంది. నాలుగు రోజుల్లో వేలు మందం పేరుకుంది.

ఐదో రోజు సాయంత్రం. ఐదున్నరకు సైరన్ మోగింది. ఊరు చీకటైంది. ఆరుంబావుకు ట్యాంకు మీద కాపలా వాడి నుంచి టెలిఫోన్.

"కింద మంట. గొట్టం లోంచి. రెండడుగులు లేస్తోంది."

మా హవల్దార్ నా వైపు చూశాడు. పంజాబీ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. హిందీలో అన్నాడు. "నువ్వు కట్టిన పొయ్యే కదా. పది నిమిషాలు. ఆ వెలుగు పోవాలి. ఎలా అన్నది నాకు అనవసరం."

పరిగెత్తాను. గొట్టంలోని తారు అంటుకుంది. జల్లెడ ఎర్రగా కాలి రవ్వలు చిమ్ముతోంది. పైన ఎక్కడో విమానం మోత, మనదో వాళ్లదో తెలియదు. సింహాద్రి డ్యూటీకి వెళ్లిపోయాడు. లోపలికి వెళ్లి గాలి తలుపు మూశాను, రేకు తిప్పాను. పై మంట తగ్గింది కానీ ఆరలేదు. రవ్వలు ఇంకా వస్తున్నాయి. చేతులకు గుడ్డ చుట్టుకుని గొట్టం మలుపు విప్పి పట్టుకుని నరసమ్మను కేకేశాను.

"తడి గోనె తే. గొట్టంలో కుక్కు."

"మూయకూడదన్నావు కదా బాబూ?"

"ఇప్పుడు కుక్కు."

కుక్కింది. రెండు చేతులతో, పొయ్యి కర్రతో లోపలికంటా తోసింది. మలుపు మళ్లీ బిగించాను. బయటికి వచ్చి చూశాను. చీకటి.

లోపల డ్రమ్ములో నిప్పులు సగానికి ఉన్నాయి.

"ఇవి తీసీమంటావా బాబూ?"

తీయమనాల్సింది. కానీ బయట పోస్తే ఆ ఎరుపు పైకి కనపడుతుంది. నీళ్లు పోసి ఆర్పెయ్యమన్నాను.

"గది తడిసిపోద్ది. పసిగుంట తొమ్మిదో రోజు బిడ్డ."

గడియారం చూసుకున్నాను. పది నిమిషాల్లో ఎనిమిది అయిపోయాయి. నిప్పుల వైపు చూశాను. ఎర్రగా, నిశ్చలంగా ఉన్నాయి.

"పొగ లేదు కదా. ఉండనీ. పొద్దున్నే వచ్చి చూస్తాను."

ఈ మాట అన్నది నేను. ఆ వీధి వాళ్లు కాదు.

కిటికీకి వదిలిన రెండు వేళ్ల సందు లోంచి కూడా ఎరుపు కనపడుతోంది. దాన్నీ నేనే మూశాను. తిరిగి వెళ్లి హవల్దార్‌కు చెప్పాను.

"ఆరిందా?"

"ఆరింది సాబ్."

"ఠీక్ హై."

ఉదయం ఆరున్నరకు సింహాద్రి కేక విన్నాను. నేను వెళ్లేసరికి నరసమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాంతి చేసుకుంది. ఒళ్లో పసిపిల్ల కదులుతోంది. పిల్ల ఊరుకోకపోతే ఎత్తుకుని బయటికి వచ్చిందట. బాలింతకు చలిగాలి తగలకూడదని గది తలుపు దగ్గరగా లాగి వచ్చిందట. కళ్లు తిరిగి అక్కడే కూలిపోయింది. పైడమ్మ లోపలే ఉండిపోయింది. డాక్టర్ వచ్చి చేయి పట్టుకుని వదిలేశాడు.

తొమ్మిదింటికి రైల్వే ఆఫీసు నుంచి విచారణకు ఇద్దరు వచ్చారు. గొట్టం విప్పారు. గోనె బయటికి లాగారు. ఇది ఎవరు కుక్కారని అడిగారు.

"నానే," అంది నరసమ్మ.

"ఎందుకు?"

"ఎలుగు పోతందని."

"ఎవరైనా చెప్పారా?"

నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. రైఫిల్ భుజాన ఉంది. ఆమె నా వైపు చూడలేదు.

"ఎవులు సెప్తారు? నాకే తోసినాది."

తర్వాత హవల్దార్ నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు అక్కడ ఏం చేశావు?"

"మంట ఆర్పించాను సాబ్."

"అంతేనా?"

"అంతే సాబ్."

కాగితం మీద అలాగే ఎక్కింది. మృతురాలి అత్త తెలియక పొగగొట్టం మూసినందువల్ల జరిగిందని. వీధిలో మాత్రం 'తెలియక' అన్న మాట నిలవలేదు. ఆడపిల్లను కన్నదని అత్తే చేసిందన్నారు. కుళాయి దగ్గర ఆమె వస్తే బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. సింహాద్రి తల్లితో మాట మానేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్లాను.

"నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నీ ఉజ్జోగం పోద్ది. ఇంటికాడ నీకూ పెళ్లాం ఉంది గదా. అయినా నానేటి అబద్దం సెప్పినాను? కుక్కింది నానే."

"నేను చెప్తాను."

"సెప్పు," అంది. పసిపిల్లను భుజం మార్చుకుంది. "సెప్పగలిగితే సెప్పు బాబూ."

చెప్పలేదు. ఆ రోజు కాదు, తర్వాత ఉన్న నెల రోజుల్లోనూ కాదు. రోజూ పొద్దున్నే హవల్దార్ దగ్గరకు వెళ్లాలని బూట్లు వేసుకునేవాణ్ని. హాజరు పలికి వచ్చేసేవాణ్ని.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనిచేసే మా పక్క ఊరి మనిషి సెలవుకు వచ్చాడు. మాటల్లో ఆ వీధి కథ చెప్పాడు. కోడల్ని పొగబెట్టి చంపిన ముసలమ్మ పోయిన ఏడు చచ్చిపోయిందని, పాడె పట్టడానికి మనుషులు దొరకలేదని. నవ్వుతూ చెప్పాడు. మనవరాలు మూడో తరగతి చదువుతోందట.

ఆ పిల్ల ఇది చదవాలి. మీ నాయనమ్మ మీ అమ్మను చంపలేదమ్మా. మూయకూడదని నేను నేర్పాను, ఆవిడ నేర్చుకుంది. మూయమన్నది నేను. నిప్పులు ఉంచమన్నది నేను. తీసెయ్యమంటావా అని అడిగింది ఆవిడ. ఈ కాగితం ఒక ప్రతి మీ నాన్నకూ, ఒక ప్రతి అప్పుడు విచారణ జరిపిన ఆఫీసుకూ పంపుతున్నాను.

డెబ్బై రెండు జనవరి మధ్యలో మాకు తిరుగు ఉత్తర్వు వచ్చింది. అప్పటికే యుద్ధం ముగిసి ఊళ్లో దీపాలు వెలిగాయి. ఉదయం ఏడింటికి లారీ ఎక్కాం. లారీ క్వార్టర్ల ముందు మలుపు తిరిగింది. అన్ని ఇళ్ల తలుపులూ చలికి మూసి ఉన్నాయి. మొదటి ఇంటికి తలుపులు లేవు. సింహాద్రి రెక్కలన్నీ ఊడదీసి గోడకు ఆనించాడు, కిటికీ రెక్కలు కూడా. వీధి గుమ్మంలోంచి పెరటి గుమ్మం దాకా ఇల్లంతా ఒక సొరంగంలా కనపడుతోంది, మంచు అటు నుంచి ఇటు దాటిపోతోంది. ఆ గాలి మధ్యలో నరసమ్మ నేల మీద కూర్చుని ఉంది. పసిపిల్లను రవికె లోపలికి పెట్టుకుని, తన ఒంటి మీది చీర కొంగంతా దానికే చుట్టి, వీపుతో గాలిని ఆపుతోంది.